మా పొలిమేర గోధుమ

పోయిన ఏప్రిల్‌లో నాన్నగారు చాండ్లర్ వచ్చారు. కారు కిటికీలోంచి ఎడారిని చూసి, "ఇక్కడేం పండుతుందిరా?" అన్నారు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. సమాధానం మాత్రం మా పొలిమేరలోనే ఉంది.

చాండ్లర్‌ని ఆనుకునే గిలా నది ఆదివాసుల ప్రాంతం ఉంది. వాళ్ళు అకిమెల్ ఓధమ్‌లు, అంటే 'ఏటి జనం'. స్పెయిన్ వాళ్ళు పీమాలన్నారు. కాలువలు తవ్వుకుని మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి, పత్తి పండించేవారు. 17వ శతాబ్దం చివర యూసేబియో కీనో అనే జెస్యూట్ ఫాదర్ ఈ వైపు గోధుమ తెచ్చాడు. అలా వచ్చి నిలిచిపోయిన రకమే వైట్ సొనోరా. మన ఖప్లీ గోధుమలా వేల ఏళ్ళది కాదు గానీ, ఈ ఖండంలో పాత రకాల్లో ఒకటి. మిగతా పంటలన్నీ ఎండాకాలానివి. ఇది మన రబీలాగా చలికాలంలో వేసే పైరు. పాత గింజలు నిండుకునే రోజులకి కోతకొచ్చేది. అందుకే అంతగా పాతుకుపోయింది.

దీనితో పల్చటి పెద్ద రొట్టెలు చేస్తారు. వేయించి విసిరిన పిండిని 'పినోలె' అంటారు, నీళ్ళలో కలుపుకుని తాగుతారు. మన తొలి ఏకాదశి పేలపిండికి దూరపు చుట్టమన్నమాట!

1849లో బంగారం కోసం కాలిఫోర్నియా వెళ్ళేవాళ్ళకీ, అంతర్యుద్ధంలో యూనియన్ సైన్యానికీ పీమాల గోధుమే తిండి పెట్టింది. 1874లో పక్కనే టెంపీలో హేడెన్ పిండిమర మొదలైంది. 1998 దాకా నడిచింది.

కానీ 1870ల నుంచి ఎగువన కొత్తగా వచ్చినవాళ్ళు గిలా నీళ్ళు మళ్ళించుకున్నారు. ఏరు ఎండింది. ఊరందరికీ గోధుమ పెట్టినవాళ్ళే కరువు పాలయ్యారు. 2004లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో ఏడాదికి 6,53,500 ఎకరం-అడుగుల నీటి హక్కు దక్కింది. ఇప్పుడు సకటోన్‌లో రమోనా ఫార్మ్స్ వాళ్ళు ఆ గోధుమ మళ్ళీ పండిస్తున్నారు.

సొనోరా పేరు మనకీ కొత్త కాదు. హరిత విప్లవంలో మెక్సికో నుంచి మన దేశానికొచ్చిన పొట్టి గోధుమల్లో 'సొనోరా 64' ఒకటి. ఆ రకం వేరు, ఈ రకం వేరు. పేరు మాత్రం ఒకే రాష్ట్రానిది.

ఇదంతా చెబితే నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. మాది కాలువ చివరి ఆయకట్టు. పైవాళ్ళు నీళ్ళు కట్టేసుకున్న ఏడు మా చేలో వరి గడ్డయిపోవడం నాకూ గుర్తే. "వాళ్ళకి నూట ముప్ఫై ఏళ్ళు పట్టిందా!" అన్నారు.

ఆ రాత్రి మా ఆవిడ ఆ పిండితో చపాతీలు చేసింది. మెత్తగా, కాస్త తియ్యగా ఉన్నాయి. నాన్నగారు మరొకటి అడిగి వేయించుకున్నారు.