మన పెట్టెకు పరుల బీగము

ఆదోని కోటకొండను చూడని పెద్దలు మన పడమటి సీమలో అరుదు. ఆ కొండ దిగువనున్న షాహీ జామియా మసీదును గూర్చి ఒక కథ తరతరములుగా చెప్పుకొనుచున్నారు. 1686లో విజాపుర రాజ్యము పడిపోయిన పిదప ఔరంగజేబు సైన్యము ఆదోనిని ముట్టడించెను. కోటలో విజాపుర సర్దారు సిద్ది మసూద్ ఖాను ఉండెను. కోట లొంగకపోగా మొగలులు ఫిరంగులను గోడల వంకనుండి త్రిప్పి, ఖాను ప్రాణప్రదముగా చూచుకొను ఆ మసీదునకు గురిపెట్టిరట. దానిని కాపాడుకొనుటకై ఆతడు కోటనే అప్పగించెనట. కథ ఎంతవరకు నిజమైనను అందలి యుపాయము పాతది. పరుల సొత్తును మోసికొనిపోవ నక్కఱలేదు. యజమానునకు ప్రియమైన దానిని చెఱబట్టి బెదరించిన చాలును.

ఈ యుపాయమే నేడు కంప్యూటర్లలో ప్రవేశించినది. దీనిని ర్యాన్సమ్‌వేర్ అందురు; అనగా విమోచనధనము కోరు దుష్టయంత్రాంగము. అది మన పద్దులను మన యింటనే గూఢలిపిలోనికి మార్చి, బీగము వేసి, బీగపుచెవికి వెల చెప్పును.

కొన్ని యేండ్ల క్రిందట ఆదోని ప్రత్తి మండీలో నాకు పరిచితుడైన యొక వర్తకుని యంగడికి ఒక ఉదయమున పోయితిని. కంప్యూటరు తెరపై డాలర్లలో సొమ్ము కోరుచు ఒక ప్రకటన యుండెను. రైతులకు ఈయవలసిన బాకీల లెక్క యంతయు అందే యున్నది. నకలు కలదా యని యడిగితిని. కలదు, కాని ఆ నకలు డిస్కును రాత్రింబగళ్లు ఆ కంప్యూటరునకే తగిలించి యుంచుటచే దానికిని బీగము పడినది. వర్తకుడు సొమ్ము పంపుటకు సిద్ధపడుచుండగా వృద్ధుడైన గుమాస్తా లోపలికి పోయి ఎఱ్ఱ గుడ్డలో చుట్టిన చిట్టా పుస్తకమును తెచ్చెను. అందఱు నవ్వినను ఆతడు కాగితముపై దినవహి వ్రాయుట మానలేదు. మూడు వారములు వ్రాసి వ్రాసి లెక్క తేల్చిరి. ఒక రైతు బాకీయు పోలేదు. నేనును నా యింట డిస్కును అట్లే తగిలించి యుంచినవాడను. ఆ సాయంకాలమే పోయి ఊడదీసితిని.

ఈ దొంగతనమునకు చరిత్ర కలదు. 1989లో జోసెఫ్ పాప్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు ఎయిడ్సు వ్యాధి సమాచారమను పేర సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులను తపాలాలో పంపెనని అభియోగము వచ్చినది. డిస్కు ఎక్కించిన కంప్యూటరును 90 మారులు తెఱచిన పిదప ఫైళ్ల పేర్లు చెడి, పనామా దేశపు తపాలా పెట్టెకు 189 డాలర్లు పంపుమని ప్రకటన కనబడెను. ఆ బీగము బలహీనమైనది. నిపుణులు త్వరలోనే విప్పిరి. 1996లో ఆడమ్ యంగ్, మోటి యంగ్ అను పండితులిద్దఱు వేయుటకొక చెవి, తీయుటకు వేఱొక చెవి గల గూఢలిపి దొంగల చేతబడిన ఎట్టి యపాయము కలుగునో ముందుగనే వ్రాసిరి. 2009లో బిట్‌కాయిన్ పుట్టుటతో సొమ్ము పుచ్చుకొనువాని యూరు పేరు కప్పిపుచ్చుకొను మార్గమును దొరకెను.

2017 మే 12వ తేదీన వానాక్రై అను రోగము లేచి సుమారు 150 దేశములకు ప్రాకెను. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. మన యాంధ్రప్రదేశమున పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు, తిరుమల తిరుపతి దేవస్థానములవారి కార్యాలయ కంప్యూటర్లు కొన్నియు దాని వాత బడినవి. అది కోరిన వెల మొదట 300 డాలర్లు. ఆ రోగము దూరు కంతను పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు కంపెనీ మార్చి 14వ తేదీననే పంపియుండెను. రెండు మాసములు ఉపేక్షించినవారే ఎక్కువగా చిక్కిరి. 2024 జూలై చివర, చిన్న బ్యాంకులకు కంప్యూటరు సేవలు చేయు ఒక సంస్థపై ఇట్టి దాడియే జరుగగా, సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులు కొంతకాలము నిలిచినవి.

ఇది మనకు దూరపు వార్త కాదు. యెమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును నెలకొల్పిరి. అట్టి సంఘమునకు మగ్గమెంతో పద్దును అంతే. పద్దు పోయిన నేతగాని కూలియు, రైతు నమ్మకమును పోవును.

ఆపద వచ్చినపుడు మొదట ఆ కంప్యూటరునకు తక్కిన వానితో గల తీగను, వై-ఫై సంబంధమును తెంచవలెను. రోగము ఒకదాని నుండి మఱొకదానికి ప్రాకును. తెరపైని ప్రకటనను ఫొటో తీసి, పోలీసులకు తెలుపవలెను. 1930 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. సొమ్ము పంపినను చెవి వచ్చునను నమ్మకము లేదు. రోగమును తీసివేసినంత మాత్రమున బీగము ఊడదని యెఱుగవలెను. 2016లో యూరోపోలు మున్నగువారు నెలకొల్పిన 'నో మోర్ ర్యాన్సమ్' అను చోట కొన్ని బీగములకు చెవులు ఉచితముగా దొరకును. కావున బీగము పడిన ఫైళ్లను పాఱవేయక వేఱుగా దాచవలెను. పిదప కంప్యూటరును సాంతముగా తుడిచి, క్రొత్తగా సిద్ధపఱచి, నకలునుండి పద్దులెక్కింపవలెను.

రాకుండుటకు మార్గములు సులభములే. కంపెనీవారి సవరణలను వచ్చిన వెంటనే ఎక్కింపవలెను. ఎఱుగనివారి జాబులతో వచ్చు ఫైళ్లను తెఱవరాదు. దొంగ ప్రతులను వాడరాదు. అన్నిటికంటె ముఖ్యము నకలు. మన దస్తావేజు ఇంట కాలిపోయినను రిజిస్ట్రారు కచేరీలో దాని నకలుండును. అది మన యింట లేకుండుటయే దాని బలము. కంప్యూటరు పద్దులకును అట్లే ఒక నకలును తీసి, డిస్కును ఊడదీసి, వేఱొక చోట నుంచవలెను. అప్పుడప్పుడు అది తెఱచుకొనుచున్నదో లేదో చూచుచుండవలెను.

పెద్దలారా! మీలో పలువురు సంఘములకు, పాఠశాలలకు, దేవాలయములకు ధర్మకర్తలుగా నుందురు. కంప్యూటరు తాకకున్నను లోపము లేదు. రాబోవు సమావేశమున గుమాస్తాను ఈ రెండు మాటలడుగుడు: నకలు ఎక్కడ నున్నది? దానిని తుదిసారి తెఱచి చూచిన దినమేది?