ముగ్గు తొక్కిందెవరు?

పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, లోపల కాఫీ తాగి మళ్ళీ వచ్చేసరికి గీత మధ్యలో చెరిగి ఉంటుంది. తొక్కినవాళ్ళు కనిపించరు. పాలబ్బాయా, పక్కింటి కుక్కా అన్నది చెరిగిన తీరు చూసి చెప్పెయ్యచ్చు. బి.ఏ. చదువుకున్న నాకు ఖగోళశాస్త్రం తలకెక్కింది ఈ ముగ్గు దగ్గరే.

ఆకాశంలోనూ అలాంటి గీత ఒకటుంది. జీడీ-1 అని అందం చందం లేని పేరు పెట్టారు దానికి. ఎప్పుడో చెదిరిపోయిన ఓ నక్షత్రాల గుంపు, మన పాలపుంత చుట్టూ సన్నని ధారలా సాగుతోంది. 2006లో కనిపెట్టారు. గైయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల కదలికలు 2018లో చేతికొచ్చాక చూస్తే, ధారలో ఖాళీలున్నాయి. ఒకచోట కొన్ని చుక్కలు పక్కకి జరిగి ఉన్నాయి. అచ్చం ఎవరో తొక్కినట్టే! 2019లో ఆనా బొనాకా అనే ఆవిడా, తోటివాళ్ళూ లెక్కకట్టారు. సూర్యుడికి 10 లక్షల నుంచి 10 కోట్ల రెట్లు బరువున్న ముద్దేదో దగ్గరగా దూసుకుపోతే ఇలా అవుతుందట. తెలిసిన నక్షత్రగుచ్ఛాల్లో ఆ దారిన పోయినట్టు ఏదీ తేలలేదు. కంటికి కనిపించని కృష్ణపదార్థం ముద్ద కావచ్చునన్నారు. కావచ్చుననే సుమా, ఖాయమనలేదు.

అసలీ కనిపించని పదార్థం మాట 1933లోనే జ్విక్కీ అనే ఆయన అన్నాడు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. నలుగురూ నమ్మేలా చేసింది నలుగురు పిల్లల తల్లి, వీరా రూబిన్. ప్రిన్స్‌టన్‌లో ఖగోళశాస్త్రం పై చదువుకి 1975 దాకా ఆడవాళ్ళని చేర్చుకోలేదు. ఆవిడ జార్జిటౌన్‌లో రాత్రి క్లాసులకి వెళ్ళింది. కారు నడపడం రాదు. భర్త తీసుకెళ్ళి బయట కాచుకునేవాడు, పిల్లల్ని అమ్మానాన్నా చూసేవారు. 1954లో డాక్టరేటు వచ్చింది. 1965లో పాలోమార్ వేధశాలలో అధికారికంగా పని చెయ్యనిచ్చిన మొదటి స్త్రీ ఆవిడే. అక్కడున్నది మగవాళ్ళ బాత్‌రూమొక్కటే. కాగితంతో గౌను కత్తిరించి తలుపుమీది మగబొమ్మకి అంటించిందట! నాకైతే డాక్టరేటు కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

సూర్యుడి దగ్గరి బుధుడు సెకనుకి 47 కిలోమీటర్లు పరుగెడితే, దూరాన నెప్ట్యూన్ 5 కిలోమీటర్లే నడుస్తుంది. ఆండ్రోమెడా నక్షత్రవీధి అంచుల్లోనూ అలాగే నెమ్మదించాలి కదా? 1970లో కెంట్ ఫోర్డ్‌తో కలిసి ఆవిడ కొలిస్తే, అంచు దాకా వేగం పెద్దగా తగ్గనేలేదు. అంటే చుట్టూ కనిపించని బరువేదో ఉండి లాగుతోందన్నమాట.

నోబెల్ ఇవ్వలేదు, 2016లో పోయింది. చిలీ కొండమీద ఆవిడ పేరు పెట్టిన వేధశాల 2025లో మొదటి చిత్రాలు చూపించింది. ఇంకెన్ని ధారలున్నాయో, వాటిల్లో ఎక్కడెక్కడ చెరిగిందో వెతకడం ఇప్పుడు దాని పనుల్లో ఒకటి.