హెక్స్ ఆట - దాని కథ

చదరంగము ఆడువారికి గెలుపు, ఓటమి, సమము అను మూడు ఫలితములును తెలిసినవే. సమమనునదే లేక, ఇద్దరిలో ఒకరు గెలిచియే తీరవలసిన ఆట యొకటి కలదు. దాని పేరు హెక్స్.

దీనిని తొలుత కనిపెట్టినవాడు డెన్మార్కు దేశీయుడగు పీట్ హైన్. ఆయన కవి, గణితప్రియుడు. స్వదేశము జర్మను సేనల వశమందున్న 1942 డిసెంబరులో, కోపెన్‌హేగన్‌లోని 'పొలిటికెన్' పత్రికలో ఈ ఆటను 'పాలిగాన్' అను పేర ప్రకటించెను. కాగితము, పెన్సిలు ఉన్న చాలును, ఆడవచ్చును. 1948 ప్రాంతమున అమెరికాలోని ప్రిన్స్‌టన్ విద్యార్థి జాన్ నాష్ స్వతంత్రముగా ఇదే ఆటను ఊహించెను. 1952లో పార్కర్ బ్రదర్స్ సంస్థ దీనిని 'హెక్స్' అను పేర విక్రయించెను.

నియమములు సులభములు. తేనెపట్టు గదులవలె ఆరు భుజముల గడులు గల ఏటవాలు పటము. వరుసకు 11 చొప్పున మొత్తము 121 గడులు. ఎదురెదురుగా నున్న రెండంచులు ఒకరివి, తక్కిన రెండు మరియొకరివి. వంతులవారీగా ఒక్కొక్క కాయను ఖాళీ గడిలో నుంచవలెను. పెట్టిన కాయ కదలదు, చావదు. తన రెండంచులను తెగని వరుసతో కలిపినవాడే విజేత.

సమము ఏల కలుగదు? ఒకరి కాయలను నీరనియు, రెండవవారి కాయలను కట్ట యనియు భావింపుడు. కట్ట తెగక సాగినచో నీరు ఆగును. నీరు దాటినదన్నచో కట్ట తెగినట్లే. మూడవ మార్గము లేదు.

ఇందలి ముఖ్యమైన ఉపాయము 'వంతెన'. ఒకదానినొకటి తాకని రెండు కాయల నడుమ, రెంటిని తాకు ఖాళీ గడులు రెండున్నచో, ప్రత్యర్థి ఒకటి ఆక్రమించిన వెంటనే రెండవది మనము గైకొనవచ్చును. కనుక అవి కలిసినట్లే లెక్క. ప్రత్యర్థిని ఆపదలచినవాడు వాని ప్రక్కనే గాక, కొంత దూరమున ముందుగా నిలువవలెను.

మొదట ఆడువానికి తప్పక గెలుపుదారి కలదని నాష్ నిరూపించెను. రెండవవానికే అట్టి దారి యున్నదనుకొందము. మొదటివాడు ఎచ్చటనో ఒక కాయ నుంచి, ఆపై ఆ దారినే తాననుసరింపగలడు. అదనపు కాయ ఎన్నడును కీడు చేయదు. అప్పుడిద్దరును గెలువవలసివచ్చును; అది అసంభవము. అయితే ఈ వాదము దారి యున్నదని చెప్పునే గాని, దారిని చూపదు. 121 గడుల పటమున ఆ సంపూర్ణ మార్గము నేటికిని తెలియదు.

తొలి ఎత్తు లాభమును సరిచేయుటకు ఒక ఏర్పాటు కలదు. మొదటి కాయ పడిన పిమ్మట, రెండవవాడు కోరినచో ఆ కాయను తనదిగా గైకొనవచ్చును. అన్న అరిసెను విరువగా, తమ్ముడు తనకు నచ్చిన ముక్కను ఎన్నుకొనినట్లు!