మూత్రాశయపు రాచపుండు: వేంగిసీమనుండి ఒక ఔషధచరిత్ర

పెదవేగి దిబ్బలపై నిలిచినపుడు మనకు శాలంకాయనులును తూర్పు చాళుక్యులును స్మృతికి వత్తురు. ఆ వేంగిసీమలోనే, కొల్లేటికి ఆవల, భీమవరమున 1895లో యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. ఆయన చరిత్రము మన యింటి పెద్దల ప్రాణములతో ముడివడియున్నది.

మదరాసులో వైద్యము చదివి అమెరికా చేరిన సుబ్బారావుగారు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించిరి. ఆయన నాయకత్వమున పరిశోధకులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా రూపొందించిరి. జీవకణము విభజన చెందుటకు ఆ ఆమ్లము ఆవశ్యకము. పిమ్మట దానిని పోలియుండి, దాని పనిని అడ్డగించు పదార్థములను తయారుచేసిరి. వానిలో ఒకటియగు ఎమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డలకిచ్చి, తాత్కాలికముగా నైనను ఉపశమనము కలుగునని 1948లో ప్రకటించెను. ఆ యేటనే ఆగస్టులో సుబ్బారావుగారు అస్తమించిరి.

ఆ కోవలోనిదే మెథోట్రెక్సేటు. 1985లో న్యూయార్కు వైద్యులు దానిని సిస్‌ప్లాటిన్ మున్నగు మూడు మందులతో కలిపి, ముదిరిన మూత్రాశయపు రాచపుండునకు, అనగా క్యాన్సరునకు ఇచ్చి, గడ్డలు కరగుట చూపిరి. అయితే ఈ వ్యాధి ఎక్కువగా వయసు మీరినవారికే వచ్చును. నోటిపూత, తెల్లకణముల క్షీణత, మూత్రపిండములపై భారము, వీనిని పెక్కురు వృద్ధులు తాళలేకపోయిరి.

అందుచే వైద్యులు ఏండ్లను లెక్కించుటకంటె శక్తిని పరీక్షించుటయే ముఖ్యమని గ్రహించిరి. మూత్రపిండములు ఎట్లున్నవి? గుండె, వినికిడి ఎట్లున్నవి? రోగి తన పనులు తాను చేసికొనగలడా? సిస్‌ప్లాటిన్‌కు తగనివారిపై ఐరోపాలో జరిగిన పరిశోధన 2012లో వెలువడినది. మెథోట్రెక్సేటు గల మూడు మందుల కూర్పును, జెమ్‌సైటబిన్ కార్బోప్లాటిన్‌ల జంటను పోల్చి చూడగా, రోగుల జీవితకాలము ఇంచుమించు సమానమే. తీవ్ర ఉపద్రవములు మాత్రము జంటమందులలో తక్కువ. మనవాని ఔషధము ఇట్లు మెత్తని చికిత్సకు దారి విడిచెను. 2024లో ప్రకటింపబడిన పరిశోధనలో ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ పొందినవారి మధ్యస్థ జీవితకాలము 31.5 నెలలు, ప్లాటినము చికిత్స పొందినవారికి 16.1 నెలలు. ఈ క్రొత్త మందులును నిరపాయములు కావు, వెలయు మిక్కుటము.

ఈ చరిత్రము మనకు చెప్పునది యొక్కటియే. చుట్ట, బీడీ ఈ వ్యాధికి ముఖ్యకారణములలోనివి. నొప్పి లేకున్నను మూత్రము ఎఱ్ఱబడినచో పెద్దలు సిగ్గుచే దాచరాదు. "ఈ వయసున చికిత్స యేల?" అని పిల్లలు తామే తీర్పు చెప్పరాదు. చికిత్స కోరుటయో, బాధానివారణతో తృప్తిపడుటయో, వైద్యుని మాట విన్న పిమ్మట ఆ పెద్దలనే అడుగుదము. వారి ప్రాణమును గూర్చిన మాట వారి నోటనే రావలెను.