కెర్బావ్ రోడ్డు, 37వ నంబరు ఇల్లు

సింగపూర్‌లో ఆదివారమైతే మనవాళ్ళంతా కూరగాయలకీ, ఆంధ్రా భోజనానికీ చేరే పేట లిటిల్ ఇండియా. సెరంగూన్ రోడ్డు మీంచి పక్కకు తిరిగితే కెర్బావ్ రోడ్డులో 37వ నంబరు ఇల్లు కనిపిస్తుంది. తలుపుకో రంగు, కిటికీ రెక్కకో రంగు. తాన్ టెంగ్ నియా అనే చైనా వ్యాపారిది ఈ ఇల్లు, 1900 నాటిది. ఆయనకు ఈ చుట్టుపక్కల చెరకు మిఠాయి కార్ఖానాలుండేవి. పిప్పిని కూడా పారేయకుండా దాని మంటతో రబ్బరు ఆరబెట్టించేవాడు. మొత్తం ఎనిమిది గదులు, వాకిలి మీద బంగారు రేకు అద్దిన చెక్క ఫలకం. ఈ పేటలో మిగిలిన చైనా తరహా బంగళా ఇదొక్కటే. 1980లలో దీన్ని బాగుచేసి వ్యాపారాలకు ఇచ్చారు. రంగులు ఆ తర్వాత వేసినవే.

దొరవారిసత్రంలో ఉన్న మీకు ఈ ఇంటి సంగతి ఎందుకంటే, ఈ దేశం చరిత్ర నాకు పుస్తకాల్లో కంటే ఇలాంటి ఇళ్ళ గోడల్లోనే ఎక్కువగా బోధపడింది.

1819లో ఈస్టిండియా కంపెనీ అధికారి స్టాంఫోర్డ్ రాఫెల్స్ ఇక్కడ సుంకం లేని రేవు పెట్టాడు. 1867 దాకా ఈ ఊరి మీద పెత్తనం కలకత్తాదే. 1822లో ఊరికి ప్లాను గీయించినప్పుడు రాఫెల్స్ ఒక షరతు పెట్టాడు: వీధికి రెండు వైపులా ప్రతి ఇంటి ముందూ కప్పున్న నడవ ఉండాలి, అది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెగకుండా సాగాలి, ఎవరైనా నడిచేలా తెరిచి ఉండాలి. ఇప్పటికీ దాన్ని ఐదడుగుల దారి అంటారు. జోరున వాన పడుతున్నా తడవకుండా వీధి వీధంతా నడవొచ్చు. ఇంటివాడి స్థలంలోనే ఊరందరికీ దారి హక్కు! అంత తేలిగ్గా నిలిచిన హక్కు కాదది. దుకాణదారులు సరుకు పరిచి దారి మూసేస్తే, మునిసిపాలిటీ తీయించబోతే, 1888లో అల్లర్లే జరిగాయి.

ఆ నడవ వెనక ఇల్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కింద దుకాణం, మీద కాపురం. పక్కింటికీ మనకూ ఒకే ఉమ్మడి గోడ. ఈ గోడ నుంచి ఆ గోడకు చెక్క దూలాలు వేస్తారు కనుక, దూలం ఎంత పొడుగైతే ఇల్లు అంత వెడల్పు. లోపలికి గాలీ వెలుతురూ రావాలంటే నడిమధ్య కప్పు తెరిచి వదలాలి. మన మండువా లోగిలిని రెండు గోడల మధ్య ఇరికించినట్టుంటుంది.

ఈ ఊరి పాత కట్టడాల్లో మనవైపు చేతులు చాలా పనిచేశాయి. 1825 నుంచి 1873 దాకా మద్రాసు, బెంగాల్, బొంబాయి ఇలాకాల ఖైదీలను కంపెనీవారు, తర్వాత దొరల ప్రభుత్వం ఇక్కడే ఉంచి రోడ్లు వేయించారు, ఇటుకలు కాల్పించారు, భవనాలు కట్టించారు. 1861లో ప్రార్థనలు మొదలైన సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్ వాళ్ళ కష్టమే. దాని గోడలకు పూసింది మద్రాసు సున్నం: గుల్లసున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం కలిపి నూరి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో మెదిపి, పూశాక రాళ్ళతో రుద్ది అద్దంలా మెరుగు తెచ్చారు. పులికాట్ గుల్లలు కాల్చి సున్నం చేసిన తీరం మనది. ఆ పనితనాన్ని ఇక్కడ తల ఎత్తి చూడాల్సి వచ్చింది. సంకెళ్ళతో వచ్చిన ఆ మేస్త్రీల పేర్లు మాత్రం నాకు ఏ ఫలకం మీదా కనిపించలేదు. అది నన్ను చాలా బాధపెట్టే విషయం.

తర్వాతి కాలంలో ఈ ఇళ్ళు కిక్కిరిసిపోయాయి. గదులను చెక్క అడ్డాలతో చీల్చి ఒక్కో అరలో ఒక్కో కుటుంబం. గాలి ఆడక రోగాలు ప్రబలుతున్నాయని 1907లో సింప్సన్ అనే ఆరోగ్య నిపుణుడు నివేదిక ఇచ్చాక ఇళ్ళ వెనక సందులు తెరిచారు. 1947లో అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. అద్దె పెరగదు కనుక యజమాని పెంకు కూడా మార్చేవాడు కాదు. సింగపూర్‌కు స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం జనాన్ని ఎత్తైన ఫ్లాట్లలోకి తరలించి, పాత వీధులను వరసపెట్టి కూల్చింది.

కూల్చడం ఆపింది 1980లలో. 1989 జులై 7న లిటిల్ ఇండియా, చైనాటౌన్, కంపాంగ్ గ్లామ్ వంటి పేటలను పేటలుగానే రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఇప్పుడు 7 వేలకు పైగా కట్టడాలకు ఆ రక్షణ ఉంది. నాకు నచ్చింది ఏమంటే, వాటిని మ్యూజియంలు చేయలేదు. దుకాణం పెట్టుకో, హోటల్ పెట్టుకో. ముఖద్వారం, కిటికీలు, ఉమ్మడి గోడలు, దూలాలు, మట్టి పెంకులు, నడిమి వెలుతురు గుంట మాత్రం ముట్టుకోకు అన్నారు. బోర్డు సైతం గోడ మీది నగిషీని కప్పకూడదు. ఇల్లు తన తిండి తాను సంపాదించుకుంటుంది కనుక నిలబడింది.

దీనికి చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. అద్దె నియంత్రణ దశలవారీగా సడలి 2001లో రద్దయింది. గోడలు నిలిచాయి, ఆ గోడల మధ్య తరతరాలుగా బతికిన దర్జీలు, బుట్టలల్లేవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. మనం నేర్చుకునేటప్పుడు ఈ తప్పు వదిలేసి నేర్చుకోవాలి.

మన దగ్గర 1960 నాటి పురావస్తు చట్టం గుళ్ళనూ కోటలనూ చూసుకుంటుంది. బజారు వీధిలోని పెంకుటిల్లు దాని కంటికి ఆనదు. అందుకే ఇది మీ చేతిలో పని. నాయుడుపేటలోనో, సూళ్ళూరుపేటలోనో, మన సత్రంలోనో తాతలనాటి ఇల్లు మీ పేర ఉంటే కూల్చి షట్టర్లు దించకండి. అదే ఇంటిని కొట్టుకు అద్దెకివ్వండి. స్తంభాలు, తలుపులు, దూలాలు, పైకప్పు కదపకూడదని ఒప్పందంలో రాయించండి. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూయించకండి. తేమ బయటికి పోక, మన ఉప్పుగాలికి గోడ లోపలి నుంచే పొరలు పొరలుగా రాలిపోతుంది. గానుగ సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీలు ఇంకా కొందరున్నారు. కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు వాళ్ళలో ఒకరిని పిలిచి ఇల్లు చూపించండి.