నునుపు తీగ, గరుకు తీగ: బాస్ గిటార్ తీగల చరిత్ర



మీ కళాశాల వార్షికోత్సవంలో వాద్యబృందాన్ని చూసే ఉంటారు. అందరి చూపూ పాడేవారి మీద, డ్రమ్స్ వాయించేవారి మీద ఉంటుంది. వారి వెనుక ఒక పక్కగా నిలబడి, నాలుగే తీగలున్న పొడవాటి గిటార్‌ను వాయించే వ్యక్తి ఒకరుంటారు. ఆయన వాయిస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. వాయించడం ఆపితే మాత్రం పాట కాళ్ల కింద నేల జారిపోయినట్లుంటుంది. ఆ వాద్యమే ఎలక్ట్రిక్ బాస్ గిటార్. 1980లలో ఇళయరాజా స్వరపరచిన పాటలు విన్నవారికి దాని స్వరం కొత్త కాదు. పల్లవి కింద మరో పల్లవిలా నడిచే ఆ మంద్రస్వరాల వరుస బాస్ గిటార్‌దే.

ఈ వాద్యం నేర్చుకునే విద్యార్థి సంగీత వాద్యాల దుకాణానికి వెళితే రెండు రకాల తీగలు ఎదురవుతాయి. ఒకటి వేలితో తడిమితే గరుకుగా, సన్నని మరలా ఉంటుంది. దీన్ని రౌండ్‌వౌండ్ అంటారు. రెండోది అద్దంలా నున్నగా ఉంటుంది. ఇది ఫ్లాట్‌వౌండ్. సాధారణంగా రెండోదాని ధర ఎక్కువ. ఏది కొనాలి? దుకాణదారు "ఇప్పుడందరూ గరుకు తీగలే వాడుతున్నారు" అనవచ్చు. అందరూ వాడుతున్నారన్నది మాత్రం సరైన కారణం కాదు. అసలు కారణం తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి. ఈ పాఠంలో ఆ ప్రయాణమే చేద్దాం.

తీగను ఎందుకు చుట్టాలి?

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మీరు సోనామీటరు మీద తీగ కంపనాలను పరిశీలించి ఉంటారు. తీగ పొడవు పెరిగితే పౌనఃపున్యం తగ్గుతుంది. తన్యత పెరిగితే పౌనఃపున్యం పెరుగుతుంది. రేఖీయ సాంద్రత, అంటే మీటరు తీగ బరువు, పెరిగితే పౌనఃపున్యం తగ్గుతుంది. ఫ్రాన్సు దేశానికి చెందిన మెర్సేన్ ఈ నియమాలను 1636లో ప్రచురించాడు. పొడవునూ తన్యతనూ మార్చకుండా స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించాలంటే పౌనఃపున్యం సగం కావాలి. అందుకు తీగ బరువు నాలుగు రెట్లు కావాలి.

అలాగైతే లావుపాటి తీగ వేస్తే సరిపోదా? సరిపోదు. లావైన ఒంటి తీగ కడ్డీలా బిరుసెక్కుతుంది. అది సులభంగా వంగదు. దాని అతిస్వరాలు అసలు స్వరంతో పొసగవు. నాదం మొద్దుబారుతుంది. అందుకే పనివారు ఒక ఉపాయం కనిపెట్టారు. లోపల సన్నని నరం గానీ పట్టుదారం గానీ ఉంచి, దాని మీద లోహపు తీగను దగ్గర దగ్గరగా చుట్టారు. బరువు పెరిగింది, బిరుసు పెరగలేదు. ఇంగ్లండులో జాన్ ప్లేఫర్డ్ 1664లో ప్రచురించిన సంగీత గ్రంథంలో ఇలా చుట్టిన తీగల ప్రస్తావన కొత్త ఆవిష్కరణగా కనిపిస్తుంది.

పైన చుట్టే తీగ గుండ్రంగా ఉంటే ఉపరితలం గట్లుగట్లుగా ఉంటుంది. దానికి బదులు రిబ్బను లాంటి చదునైన లోహపు పట్టీని చుడితే ఉపరితలం నున్నగా వస్తుంది. మన కర్ణాటక సంగీత కచేరీలలో వాడే వయొలిన్‌నే తీసుకోండి. దాని మంద్ర తీగను వేలితో తడిమి చూడండి. చుట్టు ఉందని తెలుస్తుంది కానీ గరుకు తగలదు. కమాను సాఫీగా సాగాలన్నా, గమకం పలికేటప్పుడు వేలు తీగ వెంట జారాలన్నా ఆ నునుపు అవసరం. ఫ్లాట్‌వౌండ్ అంటే ఇదే.

లియో ఫెండర్ పరిష్కారం

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికా వాద్యబృందాలలో మంద్రస్వరాల బాధ్యత డబుల్ బాస్‌ది. అది మనిషికన్నా ఎత్తైన వాద్యం. కారులో పట్టదు. ట్రంపెట్ల హోరులో దాని నాదం వినిపించదు. దాని మీద మెట్లు ఉండవు కాబట్టి శ్రుతిలో వాయించడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి. సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ 1930లలోనే మెట్లున్న ఎలక్ట్రిక్ బాస్‌ను తయారుచేశాడు. కానీ అది వ్యాప్తిలోకి రాలేదు.

1951లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ పట్టణంలో లియో ఫెండర్ ఈ సమస్యను పరిష్కరించాడు. ఆయన రేడియోలు బాగుచేసే మెకానిక్. గిటార్ వాయించడం ఆయనకు రాదు. అయినా వాయించేవారి ఇబ్బందులను శ్రద్ధగా విన్నాడు. 34 అంగుళాల తీగ పొడవుతో, మెట్లతో, భుజానికి తగిలించుకునే బాస్‌ను తయారుచేశాడు. మెట్టు దగ్గర వేలు పెడితే స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి దానికి 'ప్రెసిషన్ బాస్' అని పేరు పెట్టాడు. అందులోని నాలుగు తీగలలో అన్నిటికన్నా కింది స్వరం పలికే తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది.

ఈ వాద్యం ఫ్లాట్‌వౌండ్ తీగలతోనే బజారులోకి వచ్చింది. డబుల్ బాస్ వాయించేవారు ఆశించిన నాదం కూడా గుండ్రని, గుమ్మటంలో మోగినట్లుండే నాదమే. ఇక్కడ ఒక విషయం గమనించండి. 1950లలో బాస్ వాయించినవారు ఫ్లాట్‌వౌండ్‌ను 'ఎంచుకున్నారు' అనడం సరికాదు. దుకాణంలో దొరికేది అదే. రెండో దారి ఉన్నప్పుడే ఎంపిక అనే మాటకు అర్థం ఉంటుంది.

డెట్రాయిట్ నగరంలో ఒక ఇల్లు

ఆ ఒక్క దారిలోనే ఎంత దూరం వెళ్లవచ్చో చూపించినవాడు జేమ్స్ జేమర్సన్. దక్షిణ కరోలినాలో 1936లో పుట్టి, పెరిగే వయసులో డెట్రాయిట్ చేరాడు. మొదట డబుల్ బాస్ నేర్చుకున్నాడు. బెర్రీ గోర్డీ 1959లో స్థాపించిన మోటౌన్ సంస్థలో రికార్డింగులకు వాయించేవాడు. ఆ స్టూడియో వెస్ట్ గ్రాండ్ బొలివార్డ్ వీధిలో ఒక మామూలు ఇంట్లో ఉండేది. పైకప్పు నుంచి వేలాడే వైర్లను చూసి కళాకారులు దానికి 'పాముల గుంట' అని ముద్దుపేరు పెట్టారు.

జేమర్సన్ వాడినది 1962 నాటి ప్రెసిషన్ బాస్. దాని మీద లావైన లా బెల్లా ఫ్లాట్‌వౌండ్ తీగలు. తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదు. చేతి జిడ్డు పట్టి పాతబడేకొద్దీ తీగలోని పై అతిస్వరాలు అణగిపోతాయి. మిగిలేది గుండెచప్పుడు లాంటి గట్టి నాదం. వంతెన మీది మూత కింద స్పాంజిముక్క ఉండేది. దానివల్ల స్వరం మోగుతూ ఉండిపోకుండా వెంటనే ముగిసేది. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు. 1964లో విడుదలైన 'మై గర్ల్' పాట మొదట్లో మీరు వినే మూడు స్వరాల నడక ఆయనదే.

ఆ పాటలు ప్రపంచమంతా మోగాయి. కానీ రికార్డు అట్టల మీద వాద్యకారుల పేర్లు ఉండేవి కావు. మార్విన్ గే 1971లో విడుదల చేసిన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ మీదే మోటౌన్ వాద్యకారుల పేర్లు మొదటిసారి అచ్చయ్యాయి. పన్నెండేళ్లు కోట్లాదిమంది విన్న నాదానికి అప్పటిదాకా పేరు లేదన్నమాట.

1966: రెండో దారి తెరుచుకుంది

ఇంగ్లండులో ఇదే కాలంలో మరో కథ నడిచింది. 'ద హూ' బృందంలో బాస్ వాయించే జాన్ ఎంట్విజిల్‌కు వెనుక నిలబడి వాయించడం ఇష్టం లేదు. పియానోలా ఖంగుమనే నాదం కావాలనుకున్నాడు. 1965లో 'మై జెనరేషన్' పాటలో తన ఒంటరి భాగం కోసం డానెలెక్ట్రో అనే బాస్ కొన్నాడు. దానికి గరుకు తీగలుండేవి. తీగ తెగితే విడిగా మరో తీగ దొరికేది కాదు. తీగ తెగినప్పుడల్లా కొత్త గిటారే కొనాల్సి వచ్చిందని, అలా మూడు కొన్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. చివరికి విసిగి, మరో గిటార్ మీద లా బెల్లా తీగలతోనే ఆ భాగాన్ని పూర్తిచేశాడట.

1966లో ఎంట్విజిల్ తీగల తయారీదారు జేమ్స్ హౌ దగ్గరకు వెళ్లాడు. లావు తీగలు సరిగా కంపించడం లేదని చెప్పి, దగ్గరుండి సరిచేయించాడు. అలా వచ్చినవే రోటోసౌండ్ సంస్థ 'స్వింగ్ బాస్ 66' రౌండ్‌వౌండ్ తీగలు. పేరులోని 66 ఆ సంవత్సరమే. ఇక బాస్ వెనుక నిలబడాల్సిన అవసరం లేకపోయింది. 1970లలో బొటనవేలితో తీగను కొట్టి వాయించే స్లాప్ పద్ధతి వ్యాపించింది. జాకో పాస్టోరియస్ మెట్లు లేని బాస్ మీద గరుకు తీగలు వేసి గాత్రంలా పాడించాడు. ఆ తీగలు చెక్కను అరగదీయకుండా దానిమీద ఎపాక్సీ పూత పూయించాడు.

కొత్త దారి తెరుచుకోవడం మంచిదే. కానీ దానికి ఒకరు మూల్యం చెల్లించారు. మోటౌన్ 1972లో లాస్ ఏంజిల్స్‌కు తరలిపోయింది. జేమర్సన్ కూడా అక్కడికి వెళ్లాడు. కొత్త తీగలు, కొత్త పద్ధతులు కోరే నిర్మాతలకు ఆయన నాదం పాతదిగా తోచింది. ఆయన తన తీగలనూ పద్ధతినీ మార్చుకోలేదు. క్రమంగా పని తగ్గిపోయింది. 1983లో ఆయన చివరి రోజులలో ఆ ప్రెసిషన్ బాస్ కూడా దొంగతనానికి గురైంది. అదే ఏడాది ఆగస్టు 2న, 47 ఏళ్ల వయసులో ఆయన మరణించాడు.

ఆ తర్వాతే లోకం ఆయనను గుర్తించింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2002లో మోటౌన్ వాద్యకారుల మీద డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. పాతదని పక్కనపెట్టిన నాదాన్ని కొత్త తరం వెతుక్కుంటూ వచ్చింది. ఆయన పేరుతోనే ఫ్లాట్‌వౌండ్ తీగలు అమ్ముడవుతున్నాయి. నాదంలో పాత, కొత్త అనేవి బజారు మాటలని ఈ జీవితం మనకు చెబుతోంది.

మరి ఎలా ఎంచుకోవాలి?

ఇప్పుడు దుకాణంలోని ప్రశ్నకు తిరిగి వద్దాం. ముందుగా మిమ్మల్ని మీరు అడగవలసింది ఒక్కటే. ఈ పాటలో నా బాస్ చేయవలసిన పని ఏమిటి? డ్రమ్‌తో కలిసి పాటను మోయడమా, గిటార్‌తో పోటీగా ముందుకు రావడమా? మొదటిదైతే ఫ్లాట్‌వౌండ్ మీకు మేలు చేస్తుంది. వేలు జారినప్పుడు కీచుమనే చప్పుడు తక్కువగా వస్తుంది. మెట్లు త్వరగా అరగవు. స్లాప్ పద్ధతిలో మెరుపులాంటి నాదం కావాలంటే మాత్రం రౌండ్‌వౌండ్ తగినది.

ఫ్లాట్‌వౌండ్ తీగలన్నీ ఒకటేనని అనుకోకండి. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ చుట్టిన డాడారియో క్రోమ్స్ తీగలు కొత్తలో కాస్త మెరుపుగా పలుకుతాయి. వియన్నా నగరంలోని థోమాస్టిక్ సంస్థ నికెల్ తీగలు మెత్తగా, తక్కువ తన్యతతో ఉంటాయి. జేమర్సన్ తరహా లా బెల్లా తీగలు లావుగా, బిగువుగా ఉంటాయి. వాటి మందం అంగుళంలో వెయ్యో వంతులలో చెబుతారు. ఆయన తీగలు 52 నుంచి 110 వరకు ఉండేవి. సాధారణంగా వాడే రౌండ్‌వౌండ్ తీగలు 45 నుంచి 105 వరకు ఉంటాయి. బిగువైన తీగలు వేస్తే గిటార్ మెడ కొద్దిగా వంగవచ్చు. అప్పుడు మెడలోని కడ్డీని సరిచేయించాలి. వేళ్లు ఇంకా గట్టిపడని విద్యార్థి మెత్తని తీగలతో మొదలుపెట్టడం మంచిది.

మీ వాద్యం తీగ పొడవు 34 అంగుళాలా, 30 అంగుళాలా అన్నది కొనేముందే కొలుచుకోండి. తీగ వేసేటప్పుడు చివరను ముందు వంచి, తర్వాతే కత్తిరించండి. లేకపోతే పట్టీ చుట్టు సడలిపోయే ప్రమాదం ఉంది.

ధర సంగతీ చూద్దాం. రౌండ్‌వౌండ్ తీగల మెరుపు కొన్ని వారాలలో, కొన్ని నెలలలో తగ్గిపోతుంది. గట్ల మధ్య మురికి చేరుతుంది. ఫ్లాట్‌వౌండ్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కాబట్టి చేతిలో డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థికి ఖరీదైన ఆ తీగే చివరికి చవక కావచ్చు.

ఫ్లాట్‌వౌండ్ అంటే నెమ్మదైన పాటలకే అనుకుంటే అదీ పొరపాటే. ఐరన్ మెయిడెన్ బృందంలో గుర్రపు దౌడులా బాస్ వాయించే స్టీవ్ హారిస్ వాడేది ఫ్లాట్‌వౌండ్ తీగలే. లాస్ ఏంజిల్స్‌లో వందలాది రికార్డింగులు చేసిన కరోల్ కే కూడా ఫ్లాట్‌వౌండ్‌నే పిక్‌తో వాయించి చురుకైన నాదం రాబట్టింది. తీగ సగం పని చేస్తుంది. మిగతా సగం చేతిది.

మీరు చేసి చూడండి

ఈ పాఠం చదివాక రెండు పాటలు వినండి. ఒకటి 1964 నాటి 'మై గర్ల్'. రెండోది ద హూ బృందం 1973లో విడుదల చేసిన 'ద రియల్ మీ'. మొదటిసారి పాట వినండి. రెండోసారి బాస్‌ను మాత్రమే వినండి. ఏ పాటలో బాస్ స్వరం త్వరగా ముగుస్తోంది? ఎందులో మోగుతూ ఉంది? మీరు విన్నది కాగితం మీద రాసుకోండి.

ఆ తర్వాత మీకు ఇష్టమైన ఒక తెలుగు పాట తీసుకుని అలాగే వినండి. ఆ మంద్రస్వరాలు వాయించిన వ్యక్తి ఎవరో తెలుసుకోవడానికి ప్రయత్నించండి. క్యాసెట్ అట్ట మీద ఆ పేరు లేకపోవచ్చు. పేరు అచ్చుకాని చేతుల పని కూడా చరిత్రేనని గుర్తుపెట్టుకుంటే, ఈ పాఠం ఉద్దేశం నెరవేరినట్లే.