కొలబద్ద మలచిన పడవ: క్రూజర్-రేసర్ పుట్టుపూర్వోత్తరాలు

పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో పందెపు పడవల పరిమాణాన్ని తేల్చిన సూత్రంలో ఒక విడ్డూరం ఉంది: పడవ లోతును అందులో ఎవరూ కొలిచేవారు కారు. 1855లో రాయల్ థేమ్స్ యాట్ క్లబ్ అమలులోకి తెచ్చిన థేమ్స్ కొలత ప్రకారం, పొడవులోంచి వెడల్పును తీసివేసి, వచ్చినదాన్ని వెడల్పుతోనూ మళ్లీ వెడల్పులో సగంతోనూ గుణించి, 94తో భాగిస్తే పడవ ఎన్ని టన్నులదో తేలేది. లోతు ఎప్పుడూ వెడల్పులో సగమే ఉంటుందన్న ఈ ఊహ సరుకు ఓడల టన్నులు లెక్కగట్టే పాత పద్ధతి నుంచి వచ్చింది. సరుకుతో నీటిపై ఉన్న ఓడ లోతును కొలవడం కష్టం గనుక అక్కడ అది పనికివచ్చింది గానీ, పందెంలోకి వచ్చేసరికి పడవ ఆకారాన్నే మార్చివేసింది. 34 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల పడవ ఈ లెక్కలో దాదాపు 8.9 టన్నులైతే, అదే పొడవు ఉంచి వెడల్పును 5.5 అడుగులకు కుదిస్తే 4.6 టన్నులే అవుతుంది. టన్నులు తగ్గినకొద్దీ పందెంలో దక్కే సమయపు రాయితీ పెరుగుతుంది కనుక, రూపకర్తలు ఏటేటా వెడల్పును కోసివేస్తూ, లెక్కకు రాని లోతును పెంచుతూ, అంత ఇరుకు పడవ బోల్తాపడకుండా అడుగున సీసపు దిమ్మెను బిగిస్తూ పోయారు. ఈ కోవకు చెందిన ఊనా అనే పడవ 1886లో ఐర్లండ్ తీరాన మాలహైడ్ దగ్గర ధ్వంసమైనప్పుడు, దాని రూపకర్త విలియం ఎవాన్స్ పేటన్ కూడా అందులోనే ప్రాణాలు కోల్పోయాడు. అదే ఏడు డిక్సన్ కెంప్ సూచించిన కొత్త సూత్రం ఆమోదం పొందింది. పొడవును తెరచాపల వైశాల్యంతో గుణించే ఆ లెక్కలో వెడల్పుపై భారం తొలగింది.

కొలత సూత్రాలు పడవను మలిచే ఈ తీరే క్రూజర్-రేసర్ల కథలోనూ కనిపిస్తుంది. పడుకునే చోటు, వంట చేసుకునే వసతి, మంచినీటి తొట్టెలు ఉండి కుటుంబంతో రోజుల తరబడి సముద్రయానానికి పనికివస్తూనే, పందెంలోనూ నిలబడగల తెరచాప పడవను క్రూజర్-రేసర్ అంటారు. ఈ జాతి ఇరవయ్యో శతాబ్దపు దూరప్రయాణపు పందాలతో రూపు దిద్దుకుంది. 1906లో థామస్ ఫ్లెమింగ్ డే ప్రోద్బలంతో న్యూయార్క్ నుంచి బెర్ముడాకు మూడు చిన్న పడవలు బయలుదేరాయి. 1925లో ఇంగ్లండ్‌లో జరిగిన మొదటి ఫాస్ట్‌నెట్ పందెంలో ఏడు పడవలు పాల్గొనగా, 1913లో ఫ్రెంచి రేవు లె హావ్ర్‌లో ఓడలకు దారిచూపే పైలట్ల కోసం కట్టిన జోలీ బ్రీజ్ గెలిచింది. బరువైన పనివాటు పడవలదే సముద్రమన్న నమ్మకం ఆ విజయంతో మరింత బలపడింది.

ఆ నమ్మకాన్ని కూలదోసింది డొరేడ్. ఒలిన్ స్టీఫెన్స్ అనే యువకుడు ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల ప్రాయంలో గీసిన ఈ పడవ 1930లో న్యూయార్క్‌లోని సిటీ ఐలండ్‌లో నీళ్లలోకి దిగింది. మొత్తం పొడవు 52 అడుగులైనా, నిటారుగా నిలిచినప్పుడు నీటిని తాకే పొడవు 37 అడుగుల పైచిలుకు మాత్రమే. అణియమూ అమరమూ, అంటే ముందు, వెనుక కొసలు, నీటిపైన అంత దూరం చాచుకుని ఉండటానికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. కదిలే పడవ తానే ఒక అలను లేపుతుంది. ఆ అల పొడవు పడవ నీటిగీత పొడవుతో సమానమైనప్పుడు పడవ తన అల గుంటలోనే చిక్కుకుని, ఎంత గాలి వీచినా అంతకుమించి వేగం పుంజుకోవడం కష్టమవుతుంది. నీటిగీత పొడవును అడుగులలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో, అంటే గంటకు ఎన్ని నాటికల్ మైళ్లో, తెలుస్తుంది. డొరేడ్‌కు అది దాదాపు 8.2 నాట్లు. గాలికి పక్కకు ఒరిగినప్పుడు చాచిన కొసలు నీటిలోకి దిగి నీటిగీతను పొడిగిస్తాయి కనుక, కొలత చూసేది పొట్టి పడవనైతే పరుగెత్తేది పొడుగు పడవ.

1931లో డొరేడ్ అట్లాంటిక్‌ను 17 రోజుల్లో దాటి, తనకన్నా పెద్ద పడవల కంటే రెండు రోజులు ముందుగా ఇంగ్లండ్‌లోని ప్లిమత్ చేరింది. అదే వేసవిలో ఫాస్ట్‌నెట్ కూడా గెలుచుకుంది, 1933లో మళ్లీ గెలిచింది. ఒలిన్ తమ్ముడు రాడ్ ఈ పడవ కోసం కల్పించిన గాలిపెట్టె నేటికీ డొరేడ్ పేరుతోనే చలామణీ అవుతోంది. డెక్‌పై బిగించిన ఆ చెక్కపెట్టె మీద బూర లాంటి గొట్టం ఒక కొసన ఉంటుంది. గదిలోకి దిగే గొట్టం మరో కొసన, పెట్టె అడుగు నుంచి కొన్ని అంగుళాలు పైకి లేచి ఉంటుంది. బూరలోంచి గాలితో పాటు వచ్చిన అలనీరు పెట్టె అడుగున పడి పక్కనున్న రంధ్రాల గుండా డెక్‌పైకి పోగా, గాలి మాత్రం కిందికి దిగుతుంది. తుపానులో తలుపులన్నీ మూసిన గదిలో ఉక్కిరిబిక్కిరయ్యే నావికుడికి ఇంతకన్నా గొప్ప ఉపకారం మరొకటి లేదు. డొరేడ్ మరీ సన్ననిది కావడంతో విపరీతంగా ఊగేది. ఆ లోపాన్ని దిద్ది, వెడల్పు పెంచి ఒలిన్ 1934లో గీసిన స్టార్మీ వెదర్ మరుసటి ఏడే అట్లాంటిక్ పందాన్నీ ఫాస్ట్‌నెట్‌నూ గెలిచింది.

ఈ వెడల్పు కథకు పతాకఘట్టం 1954 నాటి ఫినిస్టెర్. కార్ల్టన్ మిచెల్ అనే రచయిత హాయిగా నివసించడానికి ఒలిన్ సంస్థతో గీయించుకున్న ఈ పడవ పొడవు 38.5 అడుగులే అయినా వెడల్పు 11 అడుగులు దాటింది. కావలసినప్పుడు దించే మధ్యపలక వల్ల లోతులేని తీరాలకూ వెళ్లగలిగేది. పందెపు పడవలను కొలిచే అప్పటి అమెరికన్ నియమం బరువుకూ, మధ్యపలకకూ, వెనుకనున్న చిన్న తెరచాపకూ రాయితీలు ఇచ్చేది; సుఖానికి పనికివచ్చిన ప్రతి గుణమూ పందెంలోనూ కలిసివచ్చింది. 1956, 1958, 1960 సంవత్సరాలలో వరుసగా మూడు బెర్ముడా పందాలను గెలిచిన ఫినిస్టెర్ రూపకల్పనలో, నియమం మంచి బుద్ధితో రాస్తే మంచి పడవలే పుడతాయనడానికి తిరుగులేని రుజువు ఉంది.

తరువాత ఫైబర్‌గ్లాస్ వచ్చింది; అచ్చులో పోసి వరుసగా తయారు చేసే స్వాన్ 36 వంటి క్రూజర్-రేసర్లు 1967 నుంచి ఫిన్లండ్‌లోని నాటర్ సంస్థ నుంచి వెలువడ్డాయి. 1970 ప్రాంతంలో అమెరికా, బ్రిటన్ నియమాలను కలిపి చేసిన అంతర్జాతీయ నియమం మళ్లీ పాత దారి పట్టింది. కొలిచే బిందువుల వద్ద పడవ పక్కలు ఉబ్బాయి, అమరం నొక్కుకుపోయింది. నిటారుగా నిలబడే శక్తికి జరిమానా పడటంతో రూపకర్తలు ఆ శక్తినే తగ్గించారు. 1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్‌కు బయలుదేరిన 303 పడవలపై తుపాను విరుచుకుపడినప్పుడు 15 మంది పోటీదారులు మరణించారు, 24 పడవలను సిబ్బంది వదిలివేశారు. గాలి ఉద్ధృతిని నియమానికి అంటగట్టడం న్యాయం కాకపోయినా, అతిచిన్న తరగతిలో బయలుదేరిన 58 పడవలలో గమ్యం చేరిన ఒకే ఒక్కటి డేవిడ్ సాడ్లర్ గీసిన కాంటెస్సా 32 రకానిదన్న సంగతిని తోసిపుచ్చలేం. సన్నగా, అడుగున బరువైన దిమ్మెతో ఉండే ఆ రకం 150 డిగ్రీలకు పైగా ఒరిగినా తిరిగి లేవగలదు.

అమెరికాలోని ఎం.ఐ.టి.లో డెబ్బయ్యవ దశకంలో జరిగిన పరిశోధన ఫలితంగా, తెరచాపలపై గాలి తోపునూ ఒంటిపై నీటి నిరోధాన్నీ సమతూకం చేసి ప్రతి గాలికీ వేగాన్ని ముందే లెక్కించే కంప్యూటర్ పద్ధతి వచ్చింది, పందెపు పడవలకు నేడు వాడే ఓ.ఆర్.సి. రేటింగ్ దాని వారసత్వమే. పడవను నిజంగా ఒరగబెట్టి నిలకడను కొలిచే ఈ పద్ధతి పాత సూత్రాలన్నిటికన్నా నిజాయితీ గలది. అయినా ఒకే పడవలో ఇల్లూ పందెమూ సహజంగా ఇమిడిన రోజులు తిరిగి రాలేదు. పందెపు పడవలు లోపల బోలుగానూ, విహారపు పడవలు తేలియాడే భవంతులుగానూ విడిపోయాయి. ఆ విడిపోవడం నౌకారూపకల్పనకు తీరని నష్టం. ఆ పాత కలయిక సత్తా ఏపాటిదో చెప్పడానికి ఒక్క ఫలితం చాలు: లాస్ ఏంజెలెస్ నుంచి హవాయికి సాగే 2,225 నాటికల్ మైళ్ల ట్రాన్స్‌ప్యాక్ పందాన్ని 1936లో గెలిచిన డొరేడ్, 77 ఏళ్ల తరువాత 2013లో అదే పందెంలో సవరించిన కాలం లెక్కన మళ్లీ ప్రథమ స్థానంలో నిలిచింది.